పడమటి కిటికీ

ఆ వీధిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనే పిలిచేవాళ్లు. చేతిలో కత్తెర కంటే నోట్లో నాలుక పదునని మొదట ఎవరన్నారో తెలియదు గానీ, ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఆమెకు దాని మీద కోపం కూడా లేదు. పేరు చెప్పగానే పనేమిటో తెలిసిపోతోంది, మంచిదేగా అనేది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ గ్రీజు, నెత్తిన నాలుగు వెంట్రుకలు, అడిగితే తప్ప పెదవి విప్పని మనిషి. ఆ ఇంటికి రావలసిన మాటలన్నీ భార్య వాటాకే వచ్చాయని డిపోలో వాళ్లు నవ్వుకునేవాళ్లు.

వాళ్లుండేది ఓ పాత మేడ మీద, రెండు గదుల్లో. వెనక గదిలో వంట, పడక. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, కత్తిరింపుల బల్ల, మేకుకు వేలాడే కాగితపు నమూనాలు, మూలన గుట్టగా పోసిన పీలికలు. ఆ గదికి పడమటి వైపు ఓ పెద్ద కిటికీ ఉండేది. కిటికీ పక్కన గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చునే మనిషి ఆమె వదిన. అంటే భర్తకు అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోతే మళ్లీ తమ్ముడి దగ్గరకే వచ్చేసింది. కాజాలు కుట్టడం, గుండీలు పెట్టడం, అంచులు మడిచి చేత్తో కుట్టడం ఆవిడ పని.

మొదట్లో ఆడవాళ్లిద్దరికీ క్షణం పడేది కాదు. కత్తెరమ్మది గాలి వేగం. గుడ్డ పరిచిందంటే కన్ను మూసి తెరిచేలోగా ముక్కలు చేతిలో ఉండాలి. వదినది నత్తనడక. ఒక్క కాజాకు ఎన్ని పోట్లు పడాలో అన్నీ పడాల్సిందే, పక్కన ఇల్లు తగలబడుతున్నా సరే. ఇలా కూర్చుంటే మనం కుట్టిన గౌను పెళ్లికూతురి మనవరాలు తొడుక్కోవాలి అని కత్తెరమ్మ రుసరుసలాడేది. వదిన పళ్ల మధ్య దారం కొరికి, చిన్నగా నవ్వి ఊరుకునేది.

వాళ్లిద్దరినీ దగ్గర చేసింది ఓ పొరపాటు. ఎవరిదో పెళ్లి గౌను. ఖరీదైన గుడ్డ. కత్తెరమ్మ హడావిడిలో నమూనా తిరగేసి వేసి, భుజం దగ్గర జానెడు ముక్క అడ్డంగా కోసేసింది. అంత గుడ్డ మళ్లీ తెచ్చే దారి లేదు. బల్ల మీద తల పెట్టుకుని కూలబడింది. వదిన గౌనును ఒళ్లోకి లాక్కుంది. ఆ కోసిన చోట సన్నటి తీగలాగా, ఆకుల్లాగా చేత్తో కుట్టుకుంటూ పోయింది. పొద్దు వాలేసరికి కోత కాస్తా డిజైన్ అయి కూర్చుంది. పెళ్లికూతురు మురిసిపోయింది. ఆ తర్వాత ఓ ఏడాది పాటు వచ్చిన వాళ్లందరూ భుజం మీద ఆ తీగే కావాలన్నారు. అప్పట్నుంచి కత్తెరమ్మ నాలుక అందరి మీదా లేచినా వదిన మీద మాత్రం లేచేది కాదు. పిల్లలు లేని ఇల్లు అది. కొన్నాళ్లకు ఆ ఇద్దరిలో ఎవరికెవరు పిల్లో, ఎవరికెవరు తల్లో చెప్పడం కష్టమైపోయింది.

కిటికీ బయట నిద్రగన్నేరు చెట్టు ఉండేది. ఒకప్పుడు ఆ వీధి పొడుగునా చెట్లేనట. రోడ్డు వెడల్పని కొన్ని, కరెంటు తీగలని కొన్ని పోగా, కత్తెరమ్మ కాపరానికొచ్చేనాటికి మిగిలింది అదొక్కటే. మేడను దాటి పైకి పోయి, వీధికి అడ్డంగా గొడుగులాగా పరుచుకుని ఎదుటి ఇళ్ల గుమ్మాల దాకా నీడ పట్టేది. దాని కింద ఓ లోకం ఉండేది. పళ్ల బండి ఆవిడ, చెప్పులు కుట్టే ఆయన, సీట్లలో కాళ్లు మడుచుకుని నిద్రపోయే ఆటోవాళ్లు, చదరంగం బల్ల చుట్టూ చేరి ఆడేవాళ్ల కంటే ఎక్కువ ఎత్తులు చెప్పే ముసలాళ్లు. వదిన కిటికీలోంచే వాళ్లందరితో కబుర్లాడేది. తాడు కట్టిన గుడ్డసంచీ కిందకి వదిలితే పళ్లావిడ అందులో పళ్లు వేసి, కిందనుంచే ఆవేళ్టి వీధి వార్తలన్నీ చెప్పేది. ఎవరింట్లో పాలు పొంగాయో, ఎవరింట్లో కోపాలు పొంగాయో గడప దిగకుండానే వదినకు తెలిసిపోయేది.

కత్తెరమ్మకు మాత్రం ఆ చెట్టంటే పడేది కాదు. అద్దె కట్టకుండా తిష్ఠ వేసిన మనిషిని తిట్టినట్టు తిట్టేది. సాయంత్రమైతే పిట్టల గోల. వానాకాలం గొంగళిపురుగులు. రాలిన ఆకులు తూములో పడి మెట్ల మీద నీళ్లు నిలిచేవి. పట్టపగలు కూడా మిషను దగ్గర లైటు వేసుకోవాలి. ఓసారి కిటికీకి తగిలించిన తెల్ల చొక్కా మీద కాకి తన గుర్తు వదిలి పోయింది. ఆరోజు కత్తెరమ్మ ఆ కాకిని, దాని ఏడు తరాలను, దాన్ని మోస్తున్న కొమ్మను ఏకబిగిన కడిగేసింది.

ఇవన్నీ ఎలాగో సర్దుకునేదేమో. కానీ వీధి మలుపులో కొత్తగా ఓ అద్దాల షాపు వచ్చింది. లోపల ఏసీ, బయట బొమ్మలకు తొడిగిన బట్టలు, రాత్రీ పగలూ వెలిగే బోర్డు. కత్తెరమ్మకూ ఓ బోర్డు ఉంది. భర్త ముచ్చటపడి రాయించి తెచ్చి కిటికీ కింద బిగించాడు. కాకపోతే ఒక్క వాన పడగానే కొమ్మ గుబురెక్కి దాన్ని మూసేసేది. మీ షాపు కోసం రెండుసార్లు తిరిగి కనపడక వెళ్లిపోయామని ఓ పాత ఖాతాదారు అన్న రోజున ఆమెకు అన్నం సహించలేదు.

ఆ చలికాలం మొదట్లో మున్సిపాలిటీ ఆఫీసరు వచ్చాడు. కింద వాటాలను షాపులుగా మార్చి, ముందు బండ్లు నిలిపే జాగా చెయ్యాలని ఇంటి ఓనరు చెట్టు తీయించమని అడిగాడట. ఆఫీసరు మంచివాడే. నీడలో నిలబడి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ మేడ మీదకి తలెత్తి అడిగాడు. కొమ్మలు మీ కిటికీలోకే వస్తున్నాయి, మీ మాటే ముఖ్యం, మీరు వద్దంటే తీగలకు తగిలేవి మాత్రం కొట్టించి పోతాం అన్నాడు. పళ్లావిడ అక్కడే నిలబడి ఉంది. ఆవిడకు ఆ వీధిలో ఇల్లు లేదు కాబట్టి ఆవిడనెవరూ అడగలేదు.

వదిన కిటికీ ఊచల్లోంచి మొహం పెట్టి, "కొమ్మలు కొట్టిస్తే సరిపోదా బాబూ" అంది.

కత్తెరమ్మ మిషను ఆపకుండానే గట్టిగా చెప్పింది. "కొమ్మలు కొడితే మళ్లీ రావా? కొట్టేదేదో మొదలంటా కొట్టించండి. మాకు కాస్త వెలుతురు రానివ్వండి."

వదిన ఇంకో మాట అనబోయింది. మరదలి మొహంలోకి చూసి ఆగిపోయింది. సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది. భర్త అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి మెట్ల మీద ఉన్నాడు. అతనూ ఏమీ అనలేదు. అతను అనడం ఎన్నడూ లేదు గనుక అది ఎవరికీ వింతగా తోచలేదు.

చెట్టును నరకడానికి రెండు రోజులు పట్టింది. రంపం మిషను చప్పుడుకు కుట్టు మిషను చప్పుడు వినపడలేదు. పెద్ద కొమ్మ విరిగి పడినప్పుడు ముందు గదిలోకి ఒక్కసారిగా ఎండ దూకింది. బల్ల మీద, గుడ్డల మీద, ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన అటక మీద పడింది. ఇన్నాళ్లూ గుడ్లగూబల్లా చీకట్లో బతికామని కత్తెరమ్మ నవ్వింది. లైటు తీసేసింది. సూదిలోకి దారం ఇట్టే దూరుతోంది. వీధి మలుపునుంచి చూస్తే బోర్డు మీద అక్షరాలు అద్దంలా కనపడుతున్నాయి. వదిన మాత్రం ఆ రెండు రోజులూ వెనక గదిలో కూర్చుని పని చేసింది. చప్పుడుకు తలనొప్పిగా ఉందంది.

ఆ చలికాలమంతా కత్తెరమ్మకు పట్టిందల్లా బంగారమే అయింది. బోర్డు చూసి కొత్తవాళ్లు వచ్చారు. చేతినిండా పని. సాయంత్రం పూట నులివెచ్చటి ఎండలో కూర్చుని అంచులు కుడుతూ, చూశారా వదినా, నేను చెప్పలేదూ అనేది. వదిన చూశానమ్మాయ్ అనేది. పళ్లావిడ బండి ఇంకా వస్తూనే ఉంది. కాకపోతే ఇదివరకులా రోజంతా ఉండకుండా పొద్దున్నే వచ్చి పోయేది. ముసలాళ్లు చదరంగం బల్లను ఎదుటి అరుగు మీదకి మార్చుకున్నారు.

తర్వాత ఎండలు ముదిరాయి.

మొదట గోడకు తెలిసింది. మధ్యాహ్నం తిరిగాక పడమటి గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుండేది. పొద్దు గూకాక కూడా ఆ వేడి దిగేది కాదు. పగలు తాగిందంతా గోడ రాత్రి గదిలోకి కక్కేది. కత్తెర కాస్సేపు కిటికీ దగ్గర ఉంటే పట్టుకోలేకపోయేవాళ్లు. చెమట చుక్క పడి గుడ్డ మరక కాకుండా కత్తెరమ్మ రెండు మణికట్లకూ తువ్వాలు ముక్కలు కట్టుకుని కుట్టేది. ముందు గదిలో ఫ్యాను తిరుగుతుంటే పొయ్యి ఊదుతున్నట్టుండేది. మందపాటి పరదా కుట్టి కిటికీకి వేలాడదీసింది. నెలలోనే దాని రంగు వెలిసింది. పరదా వేస్తే ఎలాగూ మళ్లీ లైటు వెయ్యాల్సిందే.

వీధి కూడా మారిపోయింది. తారు మెత్తబడి చెప్పులకు అంటుకునేది. ఆటోవాళ్లు ఎటో పోయారు. చెప్పులు కుట్టే ఆయన సామాను సర్దుకున్నాడు. పళ్లావిడ ఆసుపత్రి వీధిలో నీడ ఉందని అక్కడికి మార్చేసింది. వెళ్లేముందు కింద నిలబడి వదినతో చాలాసేపు మాట్లాడింది. ముసలాళ్లు ఇళ్లలోంచి బయటకే రావడం మానేశారు. అద్దాల షాపు వెనక ఏసీ మిషను వీధిలోకి వేడి ఊదుతూ ఉండేది. మధ్యాహ్నం పూట కత్తెరమ్మ బోర్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా స్పష్టంగా కనపడేది. చూడ్డానికి వీధిలో మనిషి లేడు.

వదిన తన చోటు వదల్లేదు. అక్కడ కూర్చోకండి, వెనక గదిలోకి రండి అని కత్తెరమ్మ పోరింది. అక్కడ చీకటి, కాజా కనపడదమ్మాయ్ అని వదిన అంది. తువ్వాలు తడిపి నెత్తిన వేసుకునేది. అది చిటికెలో ఆరిపోయేది. ఆవిడ నత్తనడక ఇంకా నెమ్మదించింది. ఓసారి ఒకే గుండీని రెండుసార్లు కుట్టింది. కత్తెరమ్మ చూసింది గానీ, వయసు మీదపడుతోంది అనుకుంది. పని నెత్తి మీద ఉన్నప్పుడు మనిషికి అంతకుమించి తోచదు.

ఎండాకాలమంటే బడి యూనిఫారాల కాలం. ఆ ఏడు బయటపడ్డ బోర్డు పుణ్యమా అని ఓ బడి మొత్తానికి చొక్కాలు కుట్టే పని వచ్చింది. చొక్కాలు కొండలా పేరుకున్నాయి. ప్రతి చొక్కాకూ కాజాలు. అంతా వదిన చేతి మీదే. ఆరోజు మధ్యాహ్నం గుండీలు అయిపోయాయి. బజారుకు పోయి తేవాలి. కత్తెరమ్మ గొడుగు అందుకుని, ఈ గుట్ట సాయంత్రానికి తేలాలి వదినా, బడివాళ్లు మనిషిని పంపుతామన్నారు అంది. వదిన కానీలే, నువ్వు ఎండలో తిరగకు, ఆ కొట్లో కాసేపు కూర్చుని చల్లబడ్డాక రా అంది.

బజారులో ఆ రంగు గుండీలు మొదటి కొట్లో లేవు. రెండో కొట్లో లేవు. తిరిగి తిరిగి దొరికించుకుని వచ్చేసరికి పొద్దు పడమటికి తిరిగింది. మెట్లెక్కుతుండగానే కరెంటు లేదని తెలిసింది. ఇల్లంతా ఫ్యాను చప్పుడు లేకుండా, ఊపిరి బిగబట్టినట్టుంది. తలుపు తోసి చూస్తే వదిన తన చోట్లోనే కూర్చుని ఉంది. చొక్కాలు పక్కకు జారిపోయి ఉన్నాయి. ఆవిడ చేతిలో సూది ఆడుతోంది. తన చీర అంచు మీద, దారం లేని సూదితో కాజా కుడుతోంది.

కత్తెరమ్మ పిలిచింది. వదిన తలెత్తి చూసి, "తమ్ముడు బడినుంచి వచ్చాడా? వాడికి ఆకలేస్తుందమ్మా, పొయ్యి ముట్టించు" అంది.

వదిన చెయ్యి పట్టుకుంటే ఇస్త్రీ పెట్టె పట్టుకున్నట్టుంది. ఒంటి మీద చెమట చుక్క లేదు. పెదవులు అట్టకట్టాయి. కత్తెరమ్మ కిటికీలోంచి వీధిలోకి కేక వేసింది. మళ్లీ వేసింది. గొంతు చించుకుని వేసింది. ఒక్క తలుపు తెరుచుకోలేదు. కింద కొత్త షాపుల షట్టర్లూ దించే ఉన్నాయి. ఎండలకు అందరూ తలుపులు, కిటికీలు బిడాయించుకుని లోపలే ఉన్నారు. ఇదివరకైతే ఆ కిటికీలోంచి దగ్గినా కిందనుంచి ఏమైందమ్మా అని నలుగురు తలెత్తేవాళ్లు. ఆటో ఒక్కటి ఉన్నా చాలు. వీధి బోసిగా, తెల్లగా కాలిపోతూ ఉంది.

బిందెలో నీళ్లన్నీ ఆవిడ నెత్తిన కుమ్మరించి, తడిబట్టలు కప్పి, చెప్పుల్లేకుండా మెట్లు దిగి మలుపు దాకా పరుగెత్తింది. మందుల షాపాయన షట్టరు సగం దించి కూర్చున్నాడు. ఆయన వచ్చి చూసి, ఇంకో మాట లేకుండా తన బండి మీద పోయి ఆటోను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ కలిసి వదినను దింపారు. దారి పొడుగునా కత్తెరమ్మ తడిగుడ్డ పిండుతూనే ఉంది. భర్త డిపో నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. గ్రీజు చేతులతోనే అక్క పాదాలు పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

వదిన బతికింది. వడదెబ్బ, ఒళ్లు చెమట పట్టడం కూడా మానేసింది, మీరు నీళ్లు పొయ్యబట్టి ఆవిడ దక్కారు అన్నారు డాక్టరు. ఆ మాట కత్తెరమ్మకు ఊరట ఇవ్వలేదు. దక్కింది ఎంత అన్నది ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు. ఆవిడ చేతులు వణికేవి. సూది పట్టుకుంటే జారిపోయేది. ఒక్కోరోజు అన్నీ గుర్తుండేవి, ఒక్కోరోజు మధ్యలో ఏళ్లకు ఏళ్లు ఎటో పోయేవి. ముందు గదిలో వేడి కాబట్టి వెనక గదిలో మంచం వేశారు. దానికి వీధివైపు కిటికీ లేదు. వెనక ఇంటి గోడా, తూము గొట్టాలూ తప్ప కనపడేదేమీ లేదు. ఇంటి బయట కాలు పెట్టకుండా వీధంతా తిరిగొచ్చే మనిషి అక్కడ పడుకుని పైకప్పు చూసేది.

ఆ రోజుల్లో కత్తెరమ్మ నోరు మూగబోయింది. బేరాలాడే వాళ్లతోనూ గొడవ పెట్టుకోవడం లేదని వీధిలో వింతగా చెప్పుకున్నారు. ఆ కాజాలు ఇంకెవరితోనో కుట్టించింది. అవి ఉతుకుకు పోగులూడుతున్నాయని బడివాళ్లు సగం చొక్కాలు తిప్పి పంపారు. ఆమె మారుమాట్లాడకుండా తీసుకుని, తనే కూర్చుని మళ్లీ కుట్టింది. కుడుతుంటే ఒక్కో కాజాకు ఎన్ని పోట్లు పడతాయో మొదటిసారి తెలిసొచ్చింది.

ఓ సాయంత్రం వదినకు తల దువ్వుతూ ఉండబట్టలేక అనేసింది. "నేనే చేశాను వదినా ఇదంతా."

ఆరోజు వదినకు అన్నీ గుర్తున్నాయి. "నువ్వొక్కదానివే ఎందుకు చేశావు? అక్కడ నేనూ ఉన్నాగా. నోరు తెరిచి మళ్లీ మూసేసుకున్నా. నీతో పోట్లాడాల్సింది" అంది.

"పోట్లాడితే నేను వినేదాన్నా?"

"వినేదానివి కాదు. అయినా పోట్లాడాల్సింది."

దువ్వెన అలాగే చేతిలో ఉండిపోయింది. వదిన ఆమె మోకాలి మీద తట్టి, జడ వెయ్యమ్మాయ్, తల బరువుగా ఉంది అంది.

వానలు పడగానే కత్తెరమ్మ మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లింది. పాత ఆఫీసరు బదిలీ అయిపోయాడు. కొత్తాయన మొక్క ఇస్తాం గానీ అక్కడ మట్టే లేదు కదమ్మా అన్నాడు. నిజమే. చెట్టున్న చోట ఇప్పుడు సిమెంటు, దాని మీద వరసగా నిలిపిన బండ్లు. ఆమె ఓనరు దగ్గరకు పోయి గోల చెయ్యలేదు, చేతులు పట్టుకుని అడిగింది. కత్తెరమ్మ అడుక్కోవడం ఎన్నడూ చూడని ఆ మనిషి కంగారుపడి, ఓ మూల కాస్త జాగా ఇస్తానన్నాడు. ఆదివారం భర్త డిపోనుంచి గునపం, సమ్మెట తెచ్చి సిమెంటు పగలగొట్టాడు. ఎప్పుడూ అనని మనిషి, ఎర్రమట్టి తట్టలు మోస్తూ ఆరోజు ఒక్క మాట అన్నాడు. "మెట్ల మీద నిలబడి నేనూ విన్నాను."

మొదటి మొక్క ఎండిపోయింది. రెండోదాన్ని ఎవరో బండి వెనక్కి తీస్తూ తొక్కించేశారు. మూడోదానికి భర్త డిపోలో పడున్న ఇనుప చువ్వలతో కంచె అతికి తెచ్చాడు. కత్తెరమ్మ బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు బకెట్టుతో మెట్లు దింపి పోసేది. వదిన సాయంత్రం మంచం మీదనుంచి అడిగేది. "ఎంతైందే?"

అప్పటికది మోకాలెత్తు కూడా లేదు. కత్తెరమ్మ చేతిని నడుం దగ్గర పెట్టి చూపించేది. ఇంకో నెలకు ఆ చేతిని భుజం దాకా ఎత్తింది. అబద్ధం కుట్టడం తనకు చేతకాదని ఆమెకు తెలుసు. వదినకు కంటితోనే గుడ్డ కొలిచే అలవాటు. అయినా ఆవిడ ఎప్పుడూ నిలదీయలేదు. బాగా ఎదుగుతోందే అనేది. ఓసారి కుర్చీలో కూర్చోబెట్టి కిందకి దింపి చూపిస్తామని భర్త అన్నాడు. ఇంకాస్త పెరగనీరా తమ్ముడూ, నీడలో కూర్చుని చూస్తాను అంది ఆవిడ.

ఆ రోజుల్లోనే బట్టలు కుట్టించుకోవడానికి బళ్లో సైన్సు చెప్పే టీచరమ్మ వచ్చింది. గోడ మీద చెయ్యి పెట్టి చూసి, ఇంత వేడిలో ఎలా కుడుతున్నారండీ, బయట ఓ చెట్టున్నా బాగుండేది అంది. నీడ ఒక్కటే కాదట. చెట్టు వేళ్లతో నీళ్లు లాగి ఆకుల్లోంచి గాల్లోకి వదులుతుందట. మనకు చెమట పడితే ఒళ్లు చల్లబడినట్టే దాని చుట్టుపక్కలంతా చల్లబడుతుందట. చెట్టు కూడా మనలాగే చెమట పోస్తుందనుకోండి అని నవ్వింది. కత్తెరమ్మ చేతిలో కొలత టేపు ఉంది. అది టీచరమ్మ భుజం మీద అలాగే వదిలేసి, ఇప్పుడే వస్తానని వెనక గదిలోకి వెళ్లింది. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చాక మళ్లీ మొదటినుంచి కొలతలు తీసుకుంది.

మరుసటి ఎండాకాలం వదిన దాటింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. వానల్లో ఓ తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. మొక్క అప్పటికి నిజంగానే నడుం దాకా వచ్చింది. వడదెబ్బకూ దీనికీ సంబంధం ఉందో లేదో డాక్టరు తేల్చి చెప్పలేదు, కత్తెరమ్మ అడగలేదు. పళ్లావిడ ఎవరి ద్వారానో విని వచ్చింది. కింద నిలబడి అలవాటు కొద్దీ మేడ మీదకి తలెత్తింది. తర్వాత మెట్లెక్కి వచ్చి, కత్తెరమ్మ పక్కన కాసేపు కూర్చుని వెళ్లింది. ఆవిడ ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి.

ఏళ్లు గడిచాయి. భర్త రిటైరయ్యాడు. చెట్టు కిటికీ అంచు దాకా ఎదిగింది. మిట్టమధ్యాహ్నం ఓ రెండు బండ్లకు నీడ పట్టేంత అయింది. మధ్యాహ్నం తిరిగాక పడమటి ఎండ దాని కొమ్మల సందుల్లోంచి గోడ మీదే పడుతుంది. గోడ ఇంకా కాలుతూనే ఉంటుంది. ఎండాకాలంలో కత్తెరమ్మ యూనిఫారాల పని ఒప్పుకోవడం మానేసింది. చల్లటి ఇల్లు చూసుకుని మారిపోదామని భర్త అడిగితే, మొక్కకు నీళ్లెవరు పోస్తారు అంది. అతను మళ్లీ అడగలేదు.

ఈమధ్యే పక్క వీధిలో ఓ పెద్ద చెట్టు కొట్టేస్తున్నారని వింది. మోకాళ్ల నొప్పులతోనే వెళ్లింది. ఆ ఇంటి మేడ మీద కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఉంటోంది. తలుపు తీసి, కూర్చోండి పెద్దమ్మా అని మర్యాదగా కుర్చీ వేసింది. కత్తెరమ్మ తన కథంతా చెప్పింది. కోప్పడలేదు, బుద్ధి చెప్పలేదు. గోడ సంగతి చెప్పింది, ఎవరూ పలకని వీధి సంగతి చెప్పింది, దారం లేని సూది సంగతి చెప్పింది. అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంచినీళ్లు తెచ్చిచ్చింది. తర్వాత నసుగుతూ, "అది కాదు పెద్దమ్మా, మాకు పగలు కూడా ఆ పడమటి గదిలో వెలుతురే ఉండటం లేదు. బిడ్డ పుట్టబోతోంది. బట్టలారవు, దోమలు" అంది.

ఆ పిల్ల చెబుతున్నవన్నీ నిజాలే. ఒకప్పుడు అవన్నీ తనే గొంతెత్తి చెప్పింది. కనీసం కొమ్మలతో సరిపెట్టమనమ్మా అని మాత్రం బతిమాలింది. మా ఆయనతో మాట్లాడతాను పెద్దమ్మా అని అమ్మాయి మెట్ల దాకా వచ్చి చెయ్యి పట్టుకుని దింపింది.

ఆ వారంలోనే చెట్టు కొట్టేశారు. రంపం చప్పుడు ఇంట్లోకి వినపడింది. భర్త లేచి కిటికీ తలుపు మూయబోతే ఆమె వద్దంది. చప్పుడు ఆగేదాకా మిషను తొక్కకుండా కూర్చుంది. ఆ అమ్మాయి మీద ఆమెకు కోపం రాలేదు. వచ్చే ఎండాకాలానికి ఆ పిల్ల చేతిలో పసిబిడ్డ ఉంటుంది. వాళ్లకు ఆ గదికి తూర్పున ఇంకో కిటికీ ఉందా లేదా అని గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు.